మార్పులు చేసిన పాత వాల్వు రేడియోను మళ్లీ మొదటి రూపానికి తేవడం ఎలా

అటక మీద ముప్పై ఏళ్లు ఎవరి చేయీ పడకుండా ఉండిపోయిన వాల్వు రేడియోను బాగుచేయడం ఒక పని. నలుగురైదుగురు మెకానిక్కుల చేతుల్లో నలిగి, ఒక్కొక్కరూ ఒక్కో మార్పు చేసి వదిలిన రేడియోను మొదటి రూపానికి తేవడం మరొక పని. మొదటిదానిలో పాడైన భాగాలు మార్చితే చాలు. రెండవదానిలో ఏది అసలుది, ఏది తరువాత వచ్చి చేరింది, అది ఎందుకు చేరింది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరికిన తరువాతే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయాలి. పాత సామాన్ల దుకాణాల్లోనూ, హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ కనబడే సెట్లలో రెండో రకానివే నాకు ఎక్కువగా తారసపడ్డాయి కాబట్టి ఈ వ్యాసం వాటికే పరిమితం.

ఉదాహరణగా 1960ల నాటి, ఇంటి కరెంటు మీద నడిచే ఐదు వాల్వుల (ట్రాన్సిస్టర్లకు బదులు ఉండే గాజు గొట్టాల) మెయిన్స్ సెట్టును తీసుకుందాం. ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈబీసీ 81, ఈఎల్ 84, ఈజెడ్ 80 అనే ఐదు వాల్వుల వరుస, కొన్నింటిలో వాటికి తోడుగా స్టేషను సరిగా కుదిరిందో లేదో చూపిస్తూ పచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ, ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉన్న అమరిక. మీ సెట్టులో ఒకటి రెండు వాల్వులు వేరుగా ఉన్నా పని క్రమం మారదు. ఈ రకం వాల్వులను మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా తయారు చేసింది కాబట్టి ‘బెల్’ ముద్ర ఉన్నవి ఇప్పటికీ పాత నిల్వల్లో దొరుకుతున్నాయి.

ముందుగా తేల్చుకోవలసినది: చాసీలో కరెంటు ఉందా, లేదా

వాల్వుల పేర్లు ‘ఈ’ అక్షరంతో మొదలైతే వాటి ఫిలమెంట్లు 6.3 వోల్టులవి, అలాంటి సెట్టులో సాధారణంగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. పేర్లు ‘యూ’ అక్షరంతో మొదలైతే, అంటే యూసీహెచ్ 81, యూబీఎఫ్ 89, యూసీఎల్ 82, యూవై 85 వంటివి ఉంటే, ఆ ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనుక ఒకటిగా 100 మిల్లీ ఆంపియర్ల మీద నడుస్తాయి. అలాంటి చాలా సెట్లలో కరెంటు తీగ నేరుగా చాసీకే, అంటే భాగాలన్నీ బిగించిన ఇనుప చట్రానికే, కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే చాసీ ఇనుము అంతటా 230 వోల్టులు ఉంటాయి. పట్టుకునే నాబు లోపలి మర మేకు కూడా షాకు కొడుతుంది. అటువంటి సెట్టును ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బల్ల మీద తెరవకూడదు, చాసీకి ఎర్తు తీగ కలపకూడదు. మీకు ఇది మొదటి సెట్టయితే ‘యూ’ వరుసది పక్కన పెట్టి ‘ఈ’ వరుసది తీసుకోవడం మంచిది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు గురించే.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. హెచ్‌టీ లైనులో, అంటే వాల్వుల ప్లేట్లకు అధిక వోల్టేజీ అందించే తీగల్లో, 250 వోల్టుల పైబడిన డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా, ఆ డీసీలోని ఎగుడుదిగుడులను సరిచేసే ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి నిప్పురవ్వలు రాల్చే అలవాటు చాలామందికి ఉంది కానీ అది కండెన్సరుకూ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టెన్సుకు రెండు వైపులా తొడుగున్న క్లిప్పులు కట్టుకుని, దానితో కొన్ని సెకన్లు డిశ్చార్జి చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టాలి. సెట్టు ఆన్‌లో ఉండగా కొలతలు తీసేటప్పుడు మీటరు నల్ల తీగను చాసీకి క్లిప్పుతో బిగించి, ఎడమ చేతిని వెనక్కు పెట్టుకుని, కుడిచేత్తో మాత్రమే పని చేయాలి. ఇంట్లో మరొక మనిషి ఉన్నప్పుడే ఈ పనికి కూర్చోండి.

మార్పులను చదవడం

వెనక అట్ట విప్పగానే కరెంటు పెట్టి చూడాలన్న తొందర కలుగుతుంది. పెట్టకండి. చాసీని పెట్టెలోంచి దించి, తలకిందులుగా చేసి, వెలుతురులో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఆ తరువాత ఒక తెల్లకాగితం తీసుకుని, కర్మాగారంలో వేసిన సోల్డరుకూ, తరువాత వేసిన సోల్డరుకూ తేడా చూస్తూ మార్పుల జాబితా రాయండి. కర్మాగారపు అతుకులో తీగ కొసను ట్యాగుకు మెలితిప్పి, మీద సన్నగా సోల్డరు పోసి ఉంటుంది. తరువాతి అతుకు ముద్దగా, ఫ్లక్సు నల్లబడి, తీగ రంగు వేరుగా కనిపిస్తుంది. గుడ్డ తొడుగు తీగల మధ్య మెరిసే ప్లాస్టిక్ తీగ కనబడితే అది ఎవరో తెచ్చి పెట్టిందే. రేడియో ఉంచుకోవడానికి అప్పట్లో తపాలా కార్యాలయం ఇచ్చిన లైసెన్సు పుస్తకం సెట్టుతో పాటు దొరికితే పారేయవద్దు. అది ఏ ఏడు వరకూ ఆ సెట్టు మోగిందో అందులోని ముద్రలు చెబుతాయి. మోడల్ సంఖ్యను బట్టి సర్క్యూట్ బొమ్మ సంపాదించండి. అదే మోడలుది దొరకకపోతే, అదే కంపెనీ అదే వాల్వుల వరుసతో చేసిన పక్క మోడలు బొమ్మ కూడా చాలావరకు పనికివస్తుంది.

నా బల్ల మీదికి వచ్చిన ఒక సెట్టులో నేను రాసుకున్న జాబితా ఇది: ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ అయిన ఈజెడ్ 80 వాల్వు లేదు, దాని బేసు కింద రెండు బీవై 127 డయోడ్లు అతికించి ఉన్నాయి, మొదటి ఫిల్టర్ కండెన్సరుగా 100 మైక్రోఫారడ్‌లది ఉంది, స్పీకరును నడిపే ఈఎల్ 84 క్యాథోడు (ఎలక్ట్రాన్లు వెలువడే కొస) దగ్గర బొమ్మ ప్రకారం ఉండవలసిన 150 ఓములకు బదులు 330 ఓములు ఉన్నాయి, ఫ్యూజు గొట్టంలో రాగి తీగ చుట్టి ఉంది, స్పీకరు 8 ఓములది, వీటన్నిటి మీద ఈ మధ్య ఎవరో బ్లూటూత్ బోర్డు ఒకటి, దానికి కరెంటు ఇవ్వడానికి విప్పిన మొబైల్ ఛార్జరు ఒకటి బిగించి, పెట్టె పక్క పలకకు పెద్ద రంధ్రం తొలిచారు.

ఈ జాబితాను వరుసగా చదివితే అది వట్టి చెత్త పనుల పట్టీ అనిపిస్తుంది. తిరగేసి చదివితే ఒక జబ్బు చరిత్ర కనిపిస్తుంది. ఈబీసీ 81 నుంచి ఈఎల్ 84 గ్రిడ్డుకు, అంటే వాల్వు కరెంటును అదుపు చేసే కొసకు, ధ్వని సంకేతాన్ని మాత్రం పంపి డీసీని ఆపే కప్లింగ్ కండెన్సరు మైనపు కాగితపుది. అది లీకు కావడం మొదలుపెట్టింది. గ్రిడ్డుకు పాజిటివ్ వోల్టేజీ చేరి ఈఎల్ 84 మితిమీరిన కరెంటు లాగింది. ఫ్యూజు పోయింది, ఎవరో రాగి తీగ చుట్టారు. ఫ్యూజు ఆపవలసిన భారం ఈజెడ్ 80 మీద పడి అది పోయింది, డయోడ్లు వచ్చాయి. డయోడ్లతో వోల్టేజీ పెరిగి పాత ఫిల్టరు ఉబ్బింది. చేతికి దొరికిన 100 మైక్రోఫారడ్‌లది వేశారు. ఈఎల్ 84 ఇంకా కాలిపోతూనే ఉంటే, దాని వేడి తగ్గించడానికి క్యాథోడు రెసిస్టెన్సు పెంచారు. అసలు దోషి అయిన కండెన్సరు మాత్రం మొదటి రోజు ఉన్న చోటే ఉంది. మీటరు పెట్టి చూస్తే అనుమానం నిజమేనని తేలింది.

అందుకే మార్పులన్నీ పీకేసి, కొత్త ఈజెడ్ 80 గుచ్చి, ఆన్ చేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ప్రతి మార్పూ ఏదో ఒక రోగానికి ఎవరో వేసిన పట్టు. పట్టు తీసే ముందు రోగం కుదర్చాలి. లేకపోతే వెతికి వెతికి తెచ్చిన వాల్వు కూడా పాతదాని దారినే పోతుంది.

వాల్వులు లేకుండా మొదటి కరెంటు

ఫ్యూజు దగ్గర చుట్టిన తీగ తీసేసి, 500 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు పెట్టండి. ఈ సెట్లు లాగేది 45 నుంచి 60 వాట్ల వరకే కాబట్టి అంతకన్నా పెద్దది అక్కరలేదు. గుడ్డ తొడుగు చీలిన రెండు తీగల కరెంటు వైరు స్థానంలో మూడు తీగల వైరు వేసి, ఎర్తును చాసీకి మర మేకుతో బిగించండి. ఇది మొదటి రూపానికి విరుద్ధమే అయినా ఇంట్లో పిల్లలున్నవారు దీని మీద వాదించరు. మెయిన్స్ తీగకూ చాసీకీ మధ్య పాత కాగితపు కండెన్సరు ఉంటే కోసి తీసేయండి. కావాలనుకుంటే దాని చోట వై 2 తరగతికి చెందిన 4.7 నానోఫారడ్‌లది మాత్రమే వేయాలి.

ఇప్పుడు సిరీస్ బల్బు సిద్ధం చేసుకోండి. ఎలక్ట్రీషియన్లు షార్టు వెతకడానికి వాడే అమరికే ఇది: ఫేజు తీగ మధ్యలో ఒక హోల్డరు, అందులో 60 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బ్లూటూత్ బోర్డు ఛార్జరును ముందే విడదీసి, డయోడ్ల అతుకులు ఊడదీసి, వాల్వులన్నీ తీసి పక్కన పెట్టి, డయల్ దీపాలు కూడా తీసేసి, సిరీస్ బల్బు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు దాదాపు ఆరిపోయినట్టు ఉండాలి. అది ఎర్రగా వెలుగుతూనే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్లో చుట్లు షార్టయి ఉన్నాయి. మిగిలిన పని ఎంత చేసినా వృథా, ముందు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాలి. వెలగకపోతే బల్బు తీసి నేరుగా కరెంటు ఇచ్చి అరగంట వదలండి. తరువాత ప్లగ్గు తీసి ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉండవచ్చు కానీ కాలకూడదు.

ఆ అరగంటలోనే ఏసీ కొలతలు తీసుకోండి. హెచ్‌టీ వైండింగ్ రెండు కొసల మీద, చాసీ నుంచి చూస్తే, సమానంగా 250 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఫిలమెంటు వైండింగ్‌లో భారం లేదు కాబట్టి 6.3 కన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది. వచ్చే వోల్టేజీని బట్టి మార్చుకునే మెయిన్స్ ట్యాపింగుల పలక ఉంటే దాన్ని అన్నిటికన్నా పై అంకెకు, 240కో 250కో మార్చండి. 220 దగ్గర వదిలిన సెట్టుకు 245 వోల్టులు వచ్చే వీధిలో ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కండెన్సర్లు, రెసిస్టెన్సులు

మొదట కప్లింగ్ కండెన్సరు. సాధారణంగా అది 0.01 మైక్రోఫారడ్. సాదా మీటరు ఓముల స్థాయిలో దీన్ని కొలిస్తే బాగున్నట్టే చూపిస్తుంది. లీకేజీ 20 మెగోములు ఉన్నా మీటరుకు అది అందదు. కానీ 100 వోల్టులుండే ఈబీసీ 81 ప్లేటు నుంచి ఆ 20 మెగోముల గుండా వచ్చే కరెంటు, అర మెగోము గ్రిడ్ రెసిస్టెన్సు మీద రెండు వోల్టులకు పైగా పాజిటివ్ నిలబెడుతుంది. ఈఎల్ 84 గ్రిడ్డు మీద ఒక్క వోల్టు మారితే ప్లేటు కరెంటు సుమారు 11 మిల్లీ ఆంపియర్ల మేర మారగలదు. క్యాథోడు రెసిస్టెన్సు కొంత అదుపు చేసినా, మిగిలినది వాల్వును వండడానికి చాలు. ఈ ఒక్క కండెన్సరును పరీక్షించకుండానే మార్చేయవచ్చు. 630 వోల్టుల పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ రకం వేయండి.

మిగిలిన మైనపు కాగితపు కండెన్సర్లనూ ఒక్కొక్కటిగా మార్చండి. ఒకటి తీసి, ఒకటి వేసి, జాబితాలో గీత కొట్టి, తరువాతిదానికి వెళ్లాలి. పది ఒకేసారి తీసి పెట్టుకున్నవారు ఏది ఎక్కడిదో తెలియక ఫోటోల మీద పడతారు. మైకా, సిరామిక్ రకాలను ముట్టుకోవద్దు. అవి ఎక్కువగా ట్యూనింగు భాగంలో ఉంటాయి, అరుదుగా పాడవుతాయి, మార్చితే సెట్టు శ్రుతి తప్పుతుంది. ఏవీసీ (దగ్గరి, దూరపు స్టేషన్ల ధ్వనిని తనంతట తానే సమం చేసే ఏర్పాటు) లైనులో ఉండే కాగితపు కండెన్సరును మాత్రం మరచిపోకండి. అది లీకైతే దగ్గరి స్టేషను చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది.

ఫిల్టర్ కండెన్సరు విషయంలో జాగ్రత్త కావాలి. ఈజెడ్ 80 తరువాత వచ్చే మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్‌లకు మించకూడదన్నది ఆ వాల్వు తయారీదార్లు పెట్టిన హద్దు. డయోడ్లకు 100 అయినా ఇబ్బంది లేదు. వాల్వుకు మాత్రం ఆన్ చేసిన ప్రతిసారీ అది దెబ్బే. ఎక్కువ వేస్తే హమ్ (స్పీకరులో వినిపించే కరెంటు రొద) తగ్గుతుందన్న మాట నిజమే కానీ, ఆ లాభం కావాలంటే రెండో కండెన్సరును పెంచండి, మొదటిదాన్ని కాదు. బొమ్మలో 32 ఉంటే 33 మైక్రోఫారడ్‌లది, 450 వోల్టులది తెచ్చి చాసీ కింద అమర్చి, పైన కనిపించే పాత అల్యూమినియం డబ్బాను తీగలు విడదీసి అలాగే నిలబెట్టండి. పోలారిటీ రెండుసార్లు చూసుకోండి. 350 వోల్టుల కండెన్సర్లు ఎందుకు వద్దంటున్నానంటే, 250 వోల్టుల ఏసీ శిఖరం 350 దాటుతుంది. డయోడ్లు ఉన్నప్పుడు, ఇతర వాల్వులు వేడెక్కి కరెంటు లాగే దాకా ఆ పూర్తి వోల్టేజీ కండెన్సర్ల మీదే నిలుస్తుంది. నా సెట్టులో పాత ఫిల్టరు ఉబ్బింది అందుకే.

పాత కార్బన్ రెసిస్టెన్సులు వయసుతో పాటు విలువ పెంచుకుంటాయి. ఒక కొస విప్పి కొలవండి. రాసిన విలువ కన్నా 20 శాతం పైన ఉన్నవి మార్చండి. 330 ఓముల క్యాథోడు రెసిస్టెన్సు తీసి, బొమ్మలోని 150 ఓములు వేయవలసింది ఇప్పుడే. కప్లింగ్ కండెన్సరు మారకముందు ఈ పని చేయకూడదు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు

ఈఎల్ 84 పెట్టే ముందు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగలేదని ఓములలో చూసుకోవాలి. కొన్ని వందల ఓములు చూపిస్తే సరి. ప్రైమరీ తెగి ఉంటే ప్లేటుకు వోల్టేజీ అందదు, స్క్రీను గ్రిడ్డుకు అందుతుంది. కరెంటంతా స్క్రీను మీదికి మళ్లి, అది ఎర్రగా కాలి, నిమిషాల్లో వాల్వు పాడవుతుంది. కొన్ని సెట్లలో ఈ ట్రాన్స్‌ఫార్మర్ను తీసేసి, ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కిట్టు పెట్టి ఉంటారు. అప్పుడు కొత్తది చుట్టించాలి. చుట్టేవారికి చెప్పవలసిన లెక్క ఇది: ఈఎల్ 84కు 5.2 కిలో ఓముల లోడు కావాలి, స్పీకరు 4 ఓములు. 5200ను 4తో భాగించి వర్గమూలం తీస్తే 36 వస్తుంది, అదే చుట్ల నిష్పత్తి. కోరులో కాగితమంత ఖాళీ వదలమని కూడా చెప్పండి, ఎందుకంటే ఈ ప్రైమరీలో డీసీ ప్రవహిస్తుంది. ఉన్నదాన్ని పరీక్షించాలంటే ప్రైమరీకి 6.3 వోల్టుల ఏసీ ఇచ్చి సెకండరీలో కొలవండి. 175 మిల్లీ వోల్టుల దగ్గర వస్తే నిష్పత్తి సరిగా ఉన్నట్టే.

8 ఓముల స్పీకరు వల్ల వాల్వు చెడదు. అయితే లోడు రెట్టింపై శక్తి తగ్గుతుంది, గట్టిగా పెడితే స్వరం చీలుతుంది. పాత స్పీకరు కోను చిరిగిందని తీసేసి ఉంటే, అది ఇంట్లోనే ఎక్కడైనా ఉందేమో అడగండి. సన్నని టిష్యూ కాగితం, పలచని జిగురుతో చిరుగు అతికించవచ్చు.

రెక్టిఫయర్ తిరిగి తన చోటికి

ఇప్పుడు ఈజెడ్ 80 వంతు. డయోడ్లు బేసులో 1, 7 పిన్నుల నుంచి 3వ పిన్నుకు అతికించి ఉండేవి. వాటి సోల్డరు పూర్తిగా తుడిచి, 4, 5 పిన్నులకు ఫిలమెంటు తీగలు ఇంకా వస్తున్నాయో లేదో చూడండి. కొందరు వాటిని కోసేస్తారు. హెచ్‌టీ లైనుకూ చాసీకీ మధ్య నిరోధం కొలిచి, కండెన్సర్లు నిండిన తరువాత అది 20 కిలో ఓములకన్నా ఎక్కువ ఉందని నిర్ధారించుకోండి. అప్పుడు వాల్వులన్నీ పెట్టి, స్పీకరు తగిలించి, మళ్లీ సిరీస్ బల్బు ద్వారానే ఆన్ చేయండి. బల్బు మొదట ప్రకాశంగా వెలిగి, తరువాత మందగించి, వాల్వులు వేడెక్కే కొద్దీ కొంచెం పెరిగి నిలవాలి. పూర్తి వెలుగులోనే ఉండిపోతే వెంటనే ఆపండి.

అంతా సవ్యంగా ఉంటే 100 వాట్ల బల్బుకు, ఆ తరువాత నేరుగా కరెంటుకు మారండి. మొదటి రెండు నిమిషాల్లో చూడవలసిన కొలత ఒక్కటే: ఈఎల్ 84 మూడో పిన్ను, అంటే క్యాథోడు. 150 ఓముల మీద 7 వోల్టులు ఉంటే కరెంటు 47 మిల్లీ ఆంపియర్లు. వాల్వు ఆరోగ్యంగా ఉంది. 10 వోల్టులు దాటి ఇంకా ఎక్కుతుంటే ఆపేసి, గ్రిడ్డు మీద పాజిటివ్ ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకండి. కండెన్సరు కొత్తదైతే వాల్వులోనే గ్యాసు చేరి ఉంటుంది. తరువాత హెచ్‌టీ చూడండి: మొదటి ఫిల్టరు మీద 250 నుంచి 270 వోల్టులు, ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89 స్క్రీన్ల మీద 80 నుంచి 100 వోల్టులు సాధారణం. ఫిలమెంట్ల వోల్టేజీ కూడా మరోసారి కొలవండి. ఈజెడ్ 80 ఫిలమెంటు 0.6 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, అది లేనన్ని రోజులూ మిగిలిన వాల్వులకు కాస్త ఎక్కువే అందుతూ వచ్చింది, ఇప్పుడు 6.3 దగ్గరికి దిగిరావాలి.

డయోడ్లను ఉంచేసుకోవడం తప్పా అని కొందరు అడుగుతారు. ఈజెడ్ 80 దొరకకపోతేనో, ట్రాన్స్‌ఫార్మర్లో దాని ఫిలమెంటు వైండింగ్ విడిగా ఉండి తెగిపోతేనో ఉంచవచ్చు. అప్పుడు రెండు డయోడ్ల తరువాత 5 వాట్ల రెసిస్టెన్సు ఒకటి వరుసలో వేసి, హెచ్‌టీ బొమ్మలోని విలువకు దిగే వరకూ దాని విలువ సవరించుకోవాలి. 220 ఓములతో మొదలుపెట్టండి.

బ్లూటూత్ బోర్డు తీసివేత

ఇది ఈ కాలపు మార్పు, పైగా అన్నిటికన్నా మొరటు మార్పు. మొబైల్ ఛార్జరు లోపలి స్విచింగ్ సర్క్యూట్ మీడియం వేవ్ అంతటా బరబరమనే రొద నింపుతుంది; సెట్టు పనికిరాదని అనుకుని దాన్ని బ్లూటూత్‌కే పరిమితం చేసిన ఇళ్లు ఉన్నాయి. బోర్డును కలపడానికి డిటెక్టరు (రేడియో సంకేతం నుంచి ధ్వనిని వేరుచేసే భాగం) నుంచి వాల్యూమ్ కంట్రోలుకు వచ్చే తీగ కోసి ఉంటారు. చివరి ఐఎఫ్‌టీ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మర్) డబ్బా కింద వెతికితే కోసిన కొస కనబడుతుంది. దానితో పాటు వాల్యూమ్ కంట్రోలు విలువ కూడా చూడండి: అసలుది 500 కిలో ఓములో, 1 మెగోమో అయి ఉంటుంది, బోర్డుకు సరిపడాలని 10 కిలో ఓములది వేసి ఉంటే, ఈబీఎఫ్ 89 లోని డయోడ్ దాని భారం మోయలేదు, రేడియో గుసగుసలాడుతుంది. స్విచ్ ఉన్న లాగ్ రకం కొత్త కంట్రోలు కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీటులోనో అడిగి చూడండి. కాడ పొడవు పాతదానికి సరిపోవాలి.

ఫోన్లోని పాటలు ఇందులో వినాలన్న కోరికను నేను తప్పుపట్టను. చాలా సెట్ల వెనుక గ్రామఫోన్ పికప్ కోసం రెండు సాకెట్లు ఉంటాయి. ఎడమ, కుడి తీగలను చెరొక 10 కిలో ఓముల ద్వారా కలిపి, 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు గుండా అక్కడ ఇస్తే చాలు. సెట్టులో ఒక్క తీగా కోయనక్కరలేదు. ‘యూ’ వరుస సెట్లకు మాత్రం ఈ పని ఎప్పుడూ చేయకండి.

ట్యూనింగు

రేడియో మోగుతున్నది కానీ స్టేషన్లు రావడం లేదంటే ముందు ఆసిలేటరు, అంటే స్టేషను సంకేతంతో కలపడానికి సెట్టు లోపలే తరంగాలు పుట్టించే భాగం, చూడాలి. ఈసీహెచ్ 81 ట్రయోడ్ గ్రిడ్డు, తొమ్మిదో పిన్ను మీద 5 నుంచి 10 వోల్టుల నెగటివ్ ఉంటే అది ఆడుతున్నట్టే. లేకపోతే బ్యాండ్ స్విచ్ మట్టి పట్టి ఉండవచ్చు. కాంటాక్ట్ క్లీనరు కొద్దిగా కొట్టి, ఇరవైసార్లు తిప్పండి. స్టేషను మార్చే గ్యాంగ్ కండెన్సరు రేకుల మధ్య దుమ్మును మెత్తని కుంచెతో తుడవండి కానీ రేకులను వంచవద్దు.

ఐఎఫ్‌టీ డబ్బాల కోర్లను సిగ్నల్ జనరేటరు లేకుండా తిప్పవద్దు. ఎవరో ముందే తిప్పి ఉంటే, కోరు మీది మైనం పగిలి కనిపిస్తుంది. అప్పుడు సర్వీసు బొమ్మలో ఇచ్చిన ఐఎఫ్ విలువకు, చాలా సెట్లలో అది 455 కిలోహెర్ట్జ్, ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో చివరి డబ్బా నుంచి వెనక్కు శ్రుతి చేసుకుంటూ రావాలి. డయల్ దారం జారి సూచిక పక్కకు పోయిందా, ఆసిలేటరే తప్పిందా అన్నది తేల్చడానికి తెలిసిన స్టేషను కావాలి. 738 కిలోహెర్ట్జ్‌ల హైదరాబాదు కేంద్రాన్నో, 837 కిలోహెర్ట్జ్‌ల విజయవాడ కేంద్రాన్నో పెట్టుకోండి. 738 దగ్గర ఆసిలేటరు 455 కలుపుకుని 1193 మీద ఆడాలి. డయలు కింది కొసన 600 దగ్గర ప్యాడరు అనే సవరింపు కండెన్సరును లేదా కాయిల్ కోరును, పై కొసన 1400 దగ్గర ట్రిమ్మరు అనే చిన్న సవరింపు కండెన్సరును తిప్పాలి. ఒకటి సరిచేస్తే రెండోది కొంచెం తప్పుతుంది కాబట్టి మూడు నాలుగు విడతలు అటూ ఇటూ సవరించాలి. మ్యాజిక్ ఐ ఉన్న సెట్టులో పచ్చ వెలుగు కలుసుకున్న చోటే సరైన చోటు, వేరే మీటరు అక్కరలేదు.

పెట్టె

డయల్ గాజు వెనుక అక్షరాలను తడిగుడ్డతో తుడవకండి. స్టేషన్ల పేర్లు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి, వాటిని తిరిగి తేలేం. ముందు వైపు మాత్రమే తుడిచి, వెనుక దుమ్మును ఊదేయండి. పక్క పలక రంధ్రాన్ని అదే రంగు చెక్క ముక్క గుండ్రంగా కోసి, చెక్క గీతల దిశ కలిసేలా జిగురుతో బిగించి, సందుల్లో సన్నని రంపపు పొట్టు కలిపిన లప్పం నింపి, ఎమరీ కాగితంతో సమం చేయాలి. ఆపైన లక్క పాలిష్ పలచగా ఆరేడు పూతలు. వెలుతురులో అతుకు కొద్దిగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

వెనక అట్ట బిగించే ముందు ఒక కాగితం మీద తేదీ, మార్చిన భాగాలు, వాటి విలువలు, క్యాథోడు, హెచ్‌టీ, స్క్రీన్ల వోల్టేజీలు రాసి పెట్టె లోపలి గోడకు అతికించండి. తీసిన డయోడ్లు, పాత కండెన్సర్లు, 330 ఓముల రెసిస్టెన్సు ఒక కవరులో వేసి, వేడి తగలని మూలన కట్టి ఉంచండి. అట్టను అన్ని మర మేకులతోనూ బిగించండి. అది లేకపోతే పిల్లల వేళ్లకు హెచ్‌టీ అందుతుంది.